ట్రామ్ డ్రైవరింట్లో టీవీ

గేలు గలాట్స్ నగరంలో ట్రామ్ డ్రైవరు. పెళ్ళి చేసుకోలేదు. తల్లి బతికున్నన్నాళ్ళూ తల్లితో, ఆమె పోయాక ఒంటరిగా, త్సిగ్లీనా పేటలో ఒక పాత అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో రెండు గదుల ఇంట్లో ఉండేవాడు. యాభై దాటాయి. పనికి వెళ్ళడం, రావడం, ఆదివారాలు డాన్యూబ్ నది ఒడ్డున కాసేపు నడవడం. అంతే జీవితం. అందులో అతనికేమీ లోటు తోచలేదు.

నవంబరులో ఒక మధ్యాహ్నం మార్కెట్టు దగ్గర, పక్క పట్టాల మీద ఆగివున్న ట్రామ్ వెనకనుంచి ఒక ముసలాయన నడుచుకుంటూ వచ్చి, గేలు బండి ముందు అడుగుపెట్టాడు. చేతిలో సంచి ఉంది. ఇటు చూడలేదు. గేలు గంట కొట్టాడు, బ్రేకు వేశాడు. బండి ఆగింది, ఆగవలసిన చోటికి కొంచెం అవతల.

ఆంబులెన్సు వచ్చేదాకా గేలు పట్టాల పక్కన మోకాళ్ళ మీద కూచుని ఆయన తల పట్టుకున్నాడు. ఆసుపత్రికి చేరేలోపే ఆయన పోయాడు. పేరు ఇరిమియా అనీ, ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాడనీ తర్వాత పోలీసులు చెప్పారు.

విచారణ జరిగింది. డ్రైవరు తప్పేమీ లేదని తేల్చారు. గంట కొట్టావా అని అడిగారు. కొట్టానన్నాడు. మొదటిసారి అడిగినప్పుడు తెలిసే చెప్పాడు. పోలీసులు, డిపో వాళ్ళు, డాక్టరు, మళ్ళీ పోలీసులు, అందరూ అదే ప్రశ్న అడిగేసరికి అతనికి తన జవాబు గుర్తుండిపోయింది గానీ గంట మోగిన చప్పుడు చెరిగిపోయింది. ఒకావిడ సాక్ష్యంలో నాకు గంట వినపడలేదంది. మరొకాయన వినపడిందన్నాడు. కేసు మూసేశారు. డాక్టరు సెలవు రాసిచ్చి, ఇంట్లో విశ్రాంతి తీసుకోమన్నాడు.

విశ్రాంతి అంటే ఏం చెయ్యాలో గేలుకి తెలియలేదు. పొద్దున లేచి షిఫ్టుకి వెళ్ళేవాడిలా గడ్డం గీసుకునేవాడు. వంటగదిలో కుర్చీలో కూచునేవాడు. కిటికీలోంచి ఎదుటి బిల్డింగు కనపడేది. వెలుగు ఒక గోడ మీంచి ఇంకో గోడ మీదికి పోయేది. ఏడుపు రాలేదు. కోపం రాలేదు. ఇంటి కింద వీధి చివర ట్రామ్ మలుపు తిరిగేటప్పుడు చక్రాలు కీచుమంటే, ఏ నంబరు బండో మాత్రం మనసు దానంతటదే చెప్పేది.

అక్క మార్చెలా ఆసుపత్రి బట్టలుతికే విభాగంలో పని చేస్తుంది. ప్రతి ఆదివారం పుల్లటి మాంసం సూపు గిన్నెతో వచ్చేది. జనవరిలో ఒక ఆదివారం వచ్చి, కోటు విప్పకుండానే గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏంట్రా ఈ నిశ్శబ్దం? శవాన్ని పెట్టిన ఇల్లులా ఉంది."

"నేనున్నాగా."

"ఉన్నావని నిన్ను తట్టి చూసుకోవాల్సి వస్తోంది. ఆ టీవీ పెట్టుకోవచ్చుగా?"

"పనిచెయ్యదు."

"ఎన్నాళ్ళుగా?"

గేలు ఆలోచించాడు. "అమ్మ ఉండగానే పోయింది."

అది వీపు బయటికి పొడుచుకొచ్చిన పాతకాలపు డబ్బా టీవీ. దాని మీద తల్లి కుట్టిన పూల గుడ్డ, గుడ్డ మీద గాజు చేప. మార్చెలా చేపను తీసి కిటికీలో పెట్టింది. "లే. కోటు తొడుక్కో. పోయి టీవీ కొందాం. ఇంట్లో ఏదో ఒక గొంతు వినపడాలి."

అతను లేచి కోటు తొడుక్కున్నాడు. ఆ రోజుల్లో ఎవరేం చెప్పినా చేసేవాడు. కాదనాలంటే ఏదో ఒకటి కావాలనిపించాలి కదా.

షాపు ఊరి చివర ఉంది. అక్క ట్రామెక్కుదామనలేదు, గేలూ అనలేదు. నడిచే వెళ్ళారు. లోపల ఒక గోడ నిండా టీవీలు. అన్నిటిలోనూ ఒకే బొమ్మ: నీలం నీళ్ళలో ఒక జెల్లీచేప మెల్లగా ముడుచుకుంటూ విప్పుకుంటూ తేలుతోంది. గేలు దాని ముందు నిలబడ్డాడు. దాన్ని ఎంతసేపైనా చూడొచ్చనిపించింది. అమ్మేవాడు వచ్చాడు. తళతళలాడే బూట్లు, మెడలో పేరున్న కార్డు.

"మీకు గోడ ఎంతుంది సార్?"

"గోడ మామూలుగానే ఉంది," అంది మార్చెలా. "ధర సంగతి చెప్పు బాబూ ముందు."

"ధర తర్వాతమ్మా, ముందు బొమ్మ చూడండి. ఇది చూడండి సార్. కదలికలో ఎక్కడా మసక ఉండదు. పరుగెత్తే కారు నంబరు కూడా చదవొచ్చు."

అతను రిమోట్ నొక్కాడు. జెల్లీచేప పోయింది. గోడ నిండా ఒక నగరం వీధి. కెమెరా వీధి మధ్యగా ముందుకు దూసుకుపోతోంది. అటూ ఇటూ చెట్లు, దుకాణాలు, రోడ్డు దాటుతున్న మనుషులు. గేలు కుడికాలు నేలను గట్టిగా నొక్కింది. మడమ పైకి లేచి, పిక్క బిగుసుకుని, అలాగే ఉండిపోయింది. అతను కిందికి వంగి తన కాలిని చూసుకున్నాడు.

"ఇది వద్దు," అన్నాడు.

"ఎందుకు సార్? ఈ ఏడాది వచ్చిన వాటిలో..."

"తక్కువ కదిలేది ఏదన్నా ఉందా?"

అమ్మేవాడికి అర్థం కాలేదు. "అంటే... ఫొటో ఫ్రేములాంటిదా సార్?"

మార్చెలా తమ్ముడి ముఖం చూసింది, కాలు చూసింది. "ఆ మూలనున్నది చూపించు," అంది. మూలలో పోయినేటి మోడల్ ఉంది. కొంచెం చిన్నది. దానికి సరుకు అయిపోతోందని తగ్గింపు చీటీ అంటించారు. దాని గురించి చెప్పడానికి అమ్మేవాడి దగ్గర పెద్దగా మాటల్లేవు. గేలు అదే తీసుకున్నాడు.

"ఇంటర్నెట్టు ఉందా సార్ ఇంట్లో?"

"లేదు."

"అయితే ఇది వట్టి అద్దం సార్. మీ మొహమే కనపడుతుంది. ముందు కనెక్షన్ పెట్టించుకోండి."

మర్నాడు ఫోనొచ్చింది. షాపువాళ్ళు పేరు ఇచ్చినట్టున్నారు. ఇంటర్నెట్టు కంపెనీ అమ్మాయి. హాయిగా, గబగబా, ఎదురుగా రాసుకున్నది చదువుతున్నట్టు మాట్లాడింది. ఫైబరు కనెక్షన్, టీవీ చానళ్ళు, ఫోను, అన్నీ కలిపి తీసుకుంటే లాభమంది. ఆటలు చూస్తారా అంది. సినిమాలు చూస్తారా అంది. అన్నిటికీ గేలు సరేనన్నాడు.

"ఇంట్లో ఎంతమంది చూస్తారండీ?"

గేలు కిటికీలో గాజు చేపను చూస్తున్నాడు.

"హలో? నలుగురనుకోమంటారా?"

"అనుకోండి."

ఆ తర్వాతి ఆదివారం మార్చెలా ఒప్పందం కాగితాలు చదివి తల పట్టుకుంది. "పిల్లల చానళ్ళట! నాలుగు సిమ్ములట! సిగ్నలు అందని గదులకు ఇంకో డబ్బా అట! ఇక్కడ గదులెన్నిరా? వంటగదిలో తుమ్మితే పడగ్గదిలో చిరాయువు అనొచ్చు."

"అడిగింది. సరేనన్నాను."

"అడిగితే పెళ్ళికి కూడా సరేనంటావా?"

"అది అడగలేదు."

మార్చెలా నవ్వింది. నవ్వుతూనే స్టవ్వు వైపు తిరిగిపోయి చాలాసేపు సూపు కలిపింది. తర్వాత కంపెనీకి ఫోను చేసి, అరిచి, బతిమాలి, పిల్లల చానళ్ళూ అదనపు డబ్బా తీసేయించింది. సిమ్ములు మాత్రం తియ్యడం కుదరదన్నారు.

బిగించడానికి వచ్చినవాడి పేరు స్టెలికా. నలభై ఏళ్ళ భారీ మనిషి. మెట్లెక్కేసరికి ఆయాసపడ్డాడు. అయినా నోరు ఆగలేదు. కింద మెట్ల దగ్గరి పెట్టెలోంచి వెంట్రుకంత సన్నటి తీగను మూడంతస్తులు పైకి లాక్కొచ్చాడు. గుమ్మం పైన గోడకు చిల్లి పొడిచి లోపలికి దింపాడు. తీగను ఎక్కువ వంచితే లోపల గాజు విరుగుతుందనీ, ముందు వచ్చిన ఏ కంపెనీవాడో మెట్ల దగ్గర తీగలన్నీ సేమియాలా కలిపేసి పోయాడనీ, ఆ వెధవ దొరికితే ఆ తీగతోనే కట్టేస్తాననీ చెప్పాడు. గేలు విన్నాడు. మార్చెలా ఆ రోజు పనిలో ఉంది.

"టీవీ ఎక్కడ పెట్టమంటారు సార్?"

"మీ ఇష్టం."

"నా ఇల్లు కాదు కదా సార్. మీరెక్కడ కూచుంటారు?"

"వంటగదిలో."

స్టెలికా అతన్ని ఒకసారి చూసి, పెద్ద గదిలోని సోఫాకు ఎదురుగోడ మీద పెన్సిలు గీత గీశాడు. డ్రిల్లు తీశాడు. గోడ పాత సిమెంటు గోడ. ఇల్లంతా దద్దరిల్లింది. ఆ మోతలో గుమ్మం గంట వినపడలేదు. ఎవరో తలుపు తట్టడం మాత్రం, డ్రిల్లు ఆగిన క్షణంలో, గేలుకి వినపడింది.

తలుపు తీస్తే నల్ల తలగుడ్డ కట్టుకున్న పెద్దావిడ. డెబ్భై ఉంటాయి. రెండు చేతులతో పొట్ట దగ్గర హ్యాండ్‌బ్యాగు పట్టుకుని ఉంది.

"గేలు అంటే మీరేనా?"

"నేనే."

"నా పేరు సావేతా. ఇరిమియా భార్యని." బ్యాగు పట్టు సర్దుకుని, "డిపోలో అడిగితే ఇల్లు చెప్పారు," అంది.

గేలు పక్కకు తప్పుకున్నాడు. ఆవిడ లోపలికి వచ్చి, బూట్లు విప్పబోతే వద్దన్నాడు. నేలంతా సిమెంటు పొడి. ఒక కుర్చీ తుడిచి వేశాడు. ఆవిడ కూచుంది. బ్యాగు ఒళ్ళో పెట్టుకుంది. ఏదో అనబోయింది. సరిగ్గా అప్పుడే డ్రిల్లు మళ్ళీ మొదలైంది.

అలా చాలాసేపు గడిచింది. స్టెలికా ఒక చిల్లు పొడిచేవాడు, ఊదేవాడు, ఇంకోటి పొడిచేవాడు. ఆవిడ నోరు తెరిచేది, మోతకు మూసేది. గేలు నిలబడి గోడకు ఆనుకున్నాడు. ఈ మనిషి తనింటికి వస్తుందని రెండు నెలలుగా అనుకుంటూనే ఉన్నాడు. వస్తే ఒళ్ళు వణుకుతుందనుకున్నాడు. ఇప్పుడు ఎదురుగా కూచుంటే ఆవిడ మోకాళ్ళ మీద సిమెంటు పొడి పడుతోందనే ఒక్క సంగతి తప్ప ఇంకేమీ తోచలేదు.

స్టెలికా టీవీని ఎత్తి కొక్కేలకు తగిలించి వెనక్కి తిరిగాడు. "అమ్మగారూ, మీరు చెప్పండి. సార్ చెప్పరు. ఎత్తు సరిపోయిందా?"

సావేతా టీవీని చూసింది. తల కొంచెం పైకెత్తి, మళ్ళీ దించి చూసింది.

"ఎత్తైంది నాయనా. కొంచెం కిందికి. మెడలు పట్టేస్తాయి."

"విన్నారా సార్? ఇంట్లో ఆడవాళ్ళు చెప్పిందే లెక్క." మళ్ళీ విప్పాడు, రెండు చిల్లులు కొత్తగా పొడిచి, జానెడు కిందికి దించాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడు బాగుంది," అంది సావేతా.

తర్వాత తెల్ల డబ్బా బిగించాడు. దాని మీద ఎర్రదీపం వెలిగింది. కిందికి వెళ్ళి ఏదో చేసి వచ్చాడు. ఆకుపచ్చగా మారింది. టీవీ వెలిగి ప్రశ్నలు మొదలెట్టింది. ఏ భాష? ఏ దేశం? మీ ఇంటి నెట్‌వర్కుకు ఏ పేరు? స్టెలికా చదువుతూ, గేలు తలూపుతూ, ఒక్కొక్కటే దాటుకుంటూ పోయారు.

"చూసేవాళ్ళ పేర్లు అడుగుతోంది సార్. ఒక్కొక్కరికీ ఒక బొమ్మ పెట్టుకోవచ్చు. సార్‌కి ఈ ఎలుగుబంటు పెడదాం. అమ్మగారి పేరేంటి? అమ్మగారికి ఈ పిల్లి?"

"నా పేరు వద్దు," అంది సావేతా. "నేను ఈ ఇంటిదాన్ని కాదు."

స్టెలికా చేతిలో రిమోట్ ఆగిపోయింది. ఇద్దరినీ చూశాడు. ఆపైన పనంతా మాటల్లేకుండా ముగించి, సంతకం పెట్టించుకుని, చెత్తను తానే చీపురుతో ఊడ్చి సంచిలో పోసుకుని వెళ్ళిపోయాడు. టీవీలో ఎవరో వంకాయలు కాలుస్తున్నారు. గేలు శబ్దం పూర్తిగా తగ్గించాడు.

"ఆయన ఏమన్నా అన్నాడా?" అంది సావేతా. "నువ్వు దగ్గరున్నావని చెప్పారు. ఆఖర్న ఏమన్నా అన్నాడా?"

ఎవరూ ఇంతవరకు అది అడగలేదు. గంట గురించి అడిగారు, వేగం గురించి అడిగారు.

"ఇది ఏ స్టాపు అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"చెవి దగ్గర వంగి మార్కెట్టు అన్నాను. మాది కాదు అన్నాడు. అంతే."

సావేతా తలూపింది. "మాది కాదు. మాది ఇంకా రెండు అవతల. ముందే దిగేశాడు." తలగుడ్డ ముడి విప్పి మళ్ళీ కట్టుకుంది. టీవీ వైపు చూసి, "నీకు ఇప్పుడు ఇది నడపడం వచ్చినట్టేనా?" అంది.

"ఆయన చేస్తుంటే చూశాను."

"మా ఇంట్లోది ఆయన పోయినప్పట్నుంచీ పలకదు. నీలంగా వెలుగుతుంది, సిగ్నలు లేదంటుంది. రెండు రిమోట్లున్నాయి, ఏది దేనికో ఆయనకే తెలుసు. పక్కింటాయన వచ్చి చూసి ఇంకా పాడు చేశాడు. కంపెనీకి ఫోన్ చేస్తే, ఒకటి నొక్కండి రెండు నొక్కండి అంటుంది, మనిషి రాడు." లేచి నిలబడింది. "వచ్చి చూస్తావా?"

గేలు కోటు తొడుక్కున్నాడు.

బయట ఆవిడ ట్రామ్ స్టాపు వైపు నడిచింది. గేలు కాలిబాట మీద ఆగిపోయాడు.

"నడిచి వెళ్దామా?" అన్నాడు.

"మంచులోనా? నా మోకాళ్ళతోనా?" ఆవిడ అతని ముఖం చూసింది. "నువ్వు ఎక్కట్లేదా?"

"లేదు."

"నేను రోజూ ఎక్కుతాను. ఎక్కక ఎలా వెళ్ళను? సంతకు వెళ్ళాలి, సమాధికి వెళ్ళాలి. మొదటిరోజు కళ్ళు మూసుకున్నాను. రెండోరోజు ఒకావిడ టమాటాల ధర అడిగింది. చెప్పాను."

ట్రామ్ వచ్చింది. ఆవిడ ఎక్కి చెయ్యి చాపింది, తనను పట్టుకోమనో, తనే పట్టుకుంటాననో. గేలు ఎక్కాడు. నడిపేవాడు అద్దంలో అతన్ని చూసి గుర్తుపట్టి చూపు తిప్పుకున్నాడు. వెనకవైపు సీట్లో, దారి కనపడనిచోట కూచున్నారు. మార్కెట్టు స్టాపు పేరు మైకులో వినపడింది. బండి ఆగింది, జనం దిగారు, ఎక్కారు, బండి కదిలింది. గేలు చేతులు మోకాళ్ళ మీదే ఉన్నాయి. ఇంకో రెండు స్టాపుల తర్వాత దిగారు.

సావేతా ఇల్లు నాలుగో అంతస్తులో. అచ్చం గేలు ఇల్లులాంటిదే. ఆ ఊళ్ళో అన్నీ అంతే. టీవీ కిటికీ పక్కన చిన్న బల్ల మీద ఉంది. ఎదురుగా ఒక కుర్చీ, టీవీకి మరీ దగ్గరగా, ముక్కు తగిలేటంత దగ్గరగా. గేలు ఆ కుర్చీలో కూచోలేదు. పక్కన మోకాళ్ళ మీద కూచుని వెనక తీగలు చూశాడు. అన్నీ బిగించే ఉన్నాయి. రిమోట్లు దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కాగితంలో చుట్టి ఉన్నాయి. కాగితం మీద ఇరిమియా వేళ్ళు పడి అరిగిన చోట్లు మెరుస్తున్నాయి.

సంగతి చిన్నదే. టీవీ ఒక రంధ్రం వైపు చూస్తోంది, చానళ్ళ డబ్బా తీగ ఇంకో రంధ్రంలో ఉంది. గేలు టీవీ రిమోట్ మీద రంధ్రం మార్చే బొత్తం నొక్కాడు. తెర మీద రంధ్రాల పేర్లు వరుసగా వచ్చాయి. మొదటిది కాదు. రెండోది నొక్కాడు.

ఇల్లు అదిరిపోయింది.

నది ఒడ్డున గాలం పట్టుకున్న ఒకతను కెమెరాకు దగ్గరగా వంగి గుసగుసగా మాట్లాడుతున్నాడు. "మెల్లగా ఉండాలి. అలికిడైతే చేప బెదురుతుంది." ఆ గుసగుస పిడుగుల్లా పడింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. బీరువాలో గ్లాసులు మోగాయి. వెనకాల నీళ్ళ చప్పుడు జలపాతంలా ఉంది. గేలు కంగారుగా రిమోట్ చూశాడు. తెర కింద శబ్దం గీత చివరిదాకా నిండి ఉంది.

తగ్గించబోయాడు. సావేతా అతని చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ," అని అరిచింది. అరవకపోతే వినపడదు. "కాసేపు ఉండనీ! ఆయన పెట్టుకున్నదే అది!"

కింది ఇంట్లోంచి ఎవరో వేడినీళ్ళ గొట్టం మీద చెంచాతో టంగు టంగున కొట్టడం మొదలెట్టారు. సావేతా ముఖం ఒక్కసారిగా మారిపోయింది. "చూశావా, మొదలెట్టాడు! ఆ కింది ముసలాడు! ఇరవై ఏళ్ళుగా కొడుతున్నాడు! రెండు నెలలుగా చప్పుడు లేకపోతే చచ్చాడేమో అనుకున్నాను!" కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, నోరు నవ్వుతోంది.

గేలు కుర్చీని చూశాడు. టీవీకి ఆనించినట్టున్న కుర్చీ. నిండిపోయిన శబ్దం గీత. తనది కాని స్టాపులో దిగిన మనిషి.

ఆవిడే రిమోట్ తీసుకుని శబ్దం తగ్గించింది. గుసగుస గుసగుసయింది. గొట్టం మీద చప్పుడు ఆగింది.

"వినపడదు ఆయనకి," అంది. "ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవిలో నోరు పెట్టి చెబితేనే కొంచెం వినపడేది. ఫ్యాక్టరీలోనే పోయాయి. చెవి మిషను పెట్టుకోమంటే, ముసలాడినా నేను అనేవాడు. మైకులో స్టాపు పేరు వినపడక ఎక్కడపడితే అక్కడ దిగేసేవాడు." ఆ కుర్చీలో కూచుంది. "పోలీసులతో చెప్పలేదు నేను. చెవిటివాణ్ణి ఒక్కణ్ణే ఎందుకు పంపావమ్మా అంటారని. ఎవరూ అడగనూ లేదు. ఇవాళ అది చెప్పడానికే మీ ఇంటికొచ్చాను. గోడకి చిల్లులు పొడుస్తుంటే నోరు పెగల్లేదు."

"నేను గంట కొట్టాను," అన్నాడు గేలు.

"కొట్టే ఉంటావు. ఎంత కొట్టినా ఒకటే."

అతను నేల మీదే కూచున్నాడు. ఇప్పుడు ఏదో అనిపించాలి అనుకున్నాడు. బరువు దిగాలి, లేకపోతే ఏడుపు రావాలి. ఏదీ రాలేదు. గంట చప్పుడూ గుర్తు రాలేదు. కాని దాన్ని వెతుక్కుంటూ రాత్రీ పగలూ లోపల తిరుగుతున్నవాడెవడో అలసిపోయి ఎక్కడో కూచున్నాడు. అంతవరకే తెలిసింది. తెరమీద గాలం పట్టినవాడు చేపను పైకి లాగి, చూసి, మళ్ళీ నీళ్ళలో వదిలేశాడు.

"ఇదేం పనో," అంది సావేతా. "పట్టడం, వదలడం. దీన్ని గంటలు గంటలు చూసేవాడు. వేరేది పెట్టు నాయనా. వంటల కార్యక్రమం ఏదైనా పెట్టు."

గేలు చానల్ మార్చడం చూపించాడు. రెండు రిమోట్లకూ రెండు రంగుల టేపు చుట్టి, ఎర్రది దీనికి, తెల్లది దానికి అని చెప్పాడు. ఆవిడ చేత నాలుగైదుసార్లు చేయించాడు. నేర్చుకుంది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆవిడ అతనికి చెయ్యి ఇవ్వలేదు, క్షమించాననీ అనలేదు. "మళ్ళీ నీలంగా అయితే పిలుస్తాను," అంది. గేలు సరేనన్నాడు.

ఆ సాయంత్రం అక్కకు ఫోను చేసి చెప్పాడు. మార్చెలా అవతల వెక్కి వెక్కి ఏడ్చింది.

"వెంటనే పోలీసుల దగ్గరికి వెళ్ళు. కాగితం మీద రాయించు. నీ మీద మచ్చ ఉండకూడదు."

"మచ్చ లేదు. కేసు మూసేశారు."

"అయినా సరే!"

"వద్దక్కా. ఆవిడని పిలుస్తారు. ఎందుకు చెప్పలేదంటారు. వద్దు."

కాదనడం తమ్ముడి నోట మార్చెలా చాలాకాలం తర్వాత విన్నది. "సరేలే," అంది. "టీవీ ఎలా ఉంది?"

"కిందికి దించారు. బాగుంది."

మార్చిలో డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. నిద్ర పడుతోందా అంటే కొంచెం అన్నాడు. బండి నడుపుతావా అంటే, "నా చేతులకు పని కావాలి డాక్టరు గారూ. కళ్ళకు వద్దు," అన్నాడు. డాక్టరు అదేదో రాసి ఇచ్చాడు. డిపోలో పెద్దాయన ఆ కాగితం చూసి, పెద్దగా ఏమీ అడగకుండా మరమ్మతుల షెడ్డులో వేశాడు. తలుపుల మోటార్లు విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించే పని.

మొదటిరోజు మధ్యాహ్నం షెడ్డులో అందరూ ఒక పొడుగు బల్ల చుట్టూ భోజనానికి కూచున్నారు. పెద్ద గిన్నెలో చిక్కుడు గింజల సూపు పొగలు కక్కుతోంది. ఎవరో గేలుకి ఒక గిన్నె నింపి జరిపారు. ఎవరో ఫుట్‌బాల్ మ్యాచి గురించి వాదిస్తున్నారు. గేలు వింటూ చెంచాతో తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు.

"అబ్బా!" అన్నాడు. నాలుక కాలింది.

పక్కనున్నవాడు నవ్వి బ్రెడ్డు ముక్క అందించాడు. "ఊదుకుని తాగు బాబూ. ఎవడూ లాక్కోడు."

గేలు బ్రెడ్డు తీసుకున్నాడు. గిన్నె మీద ఊదాడు. మళ్ళీ చెంచా ముంచాడు.